పిల్లల్ని బడికి నడిపించడం, సైకిల్ మీద పంపడం ఎలా? కాలువ గట్ల ఊళ్ల తల్లిదండ్రుల కోసం

ప్రతి జూన్‌లో బడులు తెరిచిన వారం నన్ను ఒకటే ప్రశ్న అడుగుతారు. "టీచరుగారూ, మావాడికి తొమ్మిదేళ్లు. బడి కిలోమీటరున్నర ఉంటుందండి. ఆటో మాన్పించేసి నడిపించొచ్చాండి? దారంతా కాలువ గట్టే." అమలాపురం వైపు నుంచి అడుగుతారు, పాలకొల్లు వైపు నుంచి అడుగుతారు, మండపేట నుంచి అడుగుతారు. ఊరు మారుతుంది గానీ భయం అదే. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. నడిపించొచ్చు. సైకిల్ మీదా పంపొచ్చు. కానీ "రేపటి నుంచి నడిచి వెళ్లరా" అని బ్యాగు తగిలించి పంపేయడం కాదు. దాని వెనక మీకు ఆరు వారాల పని ఉంది.

ఇంత శ్రమ దేనికంటే, నడిచొచ్చిన పిల్లల్నీ, ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని దిగిన పిల్లల్నీ మొదటి పీరియడ్‌లో పక్కపక్కన చూస్తాను కాబట్టి. నడిచొచ్చినవాళ్లు దారిలో అరుచుకుని, ఎగిరి, పోట్లాడుకుని వస్తారు. కూర్చోమంటే కూర్చుంటారు. ఆటో దిగినవాళ్లకు ఆ అరుపూ ఎగురుడూ అప్పుడే మొదలవుతుంది. 2012లో డెన్మార్క్‌లో దాదాపు 20,000 మంది పిల్లల్ని పరిశీలిస్తే, నడిచి గానీ సైకిల్ మీద గానీ వచ్చినవాళ్ల ఏకాగ్రత మెరుగ్గా ఉందనీ, ఆ మెరుగు బడికొచ్చాక నాలుగు గంటలసేపు నిలిచిందనీ తేలింది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కిలోమీటరున్నర దారి రానూ పోనూ నడిస్తే అందులో ముప్పావు వంతు అక్కడే తీరిపోతుంది. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలకు దగ్గరచూపు సమస్య (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) తక్కువని తెలిసి, తైవాన్ బడులు 2010 నుంచి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే పని పెట్టుకున్నాయి. కారణాలు ఇంతటితో చాలు, ఇక పనిలోకి వద్దాం.

ఏమేం కావాలి

కొనాల్సినవి తక్కువే. వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు (హవాయి చెప్పులు వద్దు, బురదలో ఊడతాయి, సైకిల్ పెడల్ మీద జారతాయి). మంచినీళ్ల సీసా. టోపీ. రెయిన్‌కోటు. చీకట్లో మెరిసే స్టిక్కర్లు నాలుగు, బ్యాగు వెనక రెండు, సైకిల్‌కి రెండు. సైకిల్ అయితే హెల్మెట్టు, బెల్లు, వెనక ఎర్ర లైటు. గట్టు మీద తొక్కేదానికి హెల్మెట్టా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సైకిల్ మీంచి పడ్డ పిల్లలకు చెయ్యి విరిగితే అతుకుతుంది, తలకు తగిలితే అలా కాదు.

ఇక బ్యాగు. కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగు విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. పాతిక కిలోల పిల్లాడికి రెండున్నర కిలోలు. కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి పెట్టి చూడండి. చాలా బ్యాగులు నాలుగు కిలోలు తూగుతాయి. నడక మొదలుపెట్టే ముందు బ్యాగు తేలిక చేయండి, లేకపోతే రెండో రోజే "భుజాలు నొప్పి" అని మానేస్తారు. అప్పుడు మీరు నడకను తప్పుపడతారు.

అన్నిటికంటే ముఖ్యంగా కావాల్సింది మీ సమయం. మొదటి రెండు వారాలు ఉదయం అరగంట, సాయంత్రం అరగంట.

1. ముందు మీరు ఒక్కరే నడవండి, గండాలు లెక్కపెట్టండి

అందరూ దూరం అడుగుతారు. నేను దూరం అడగను, గండాలు ఎన్ని అని అడుగుతాను. రెండు కిలోమీటర్లలో ఒక్క గండమే ఉన్న దారి, అర కిలోమీటరులో మూడు గండాలున్న దారికంటే మంచిది.

గండం అంటే మూడింటిలో ఒకటి: పిల్లకు బండి కనపడని చోటు, బండివాడికి పిల్ల కనపడని చోటు, కాలు జారితే నేరుగా నీళ్లలో పడే చోటు.

మన దారులు ఇలా ఎందుకున్నాయో ఒక్క మాటలో చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు ఊరూరా పాకాయి. ఆ కాలువల్ని తవ్వి పోసిన మట్టే గట్లయింది, గట్లే తర్వాత రోడ్లయ్యాయి. అంటే మన రోడ్డు రోడ్డుగా పుట్టింది కాదు. దానికి అంచు లేదు. ఒకపక్క నీళ్లు, ఒకపక్క పల్లంలో చేను. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే తప్పుకోవడానికి జాగా ఉండదు. అందుకే ఎక్కడో పట్నం వాళ్ల కోసం రాసిన "ఫుట్‌పాత్ మీద నడవండి" సలహాలు మనకు పనికిరావు.

సరిగ్గా బడి వేళకే నడవండి. ఆదివారం మధ్యాహ్నం నడిస్తే గట్టు ఖాళీగా ఉంటుంది, ఏమీ తెలియదు. కాగితం మీద గీత గీసుకుని గండం ఉన్నచోట చుక్క పెట్టండి. వంతెన మలుపు, తూము, లాకులు, గేదెల్ని తోలే రేవు, కుక్కలుండే ఇల్లు, పెద్ద రోడ్డు దాటే చోటు.

ఇక్కడ ఒక పని తప్పకుండా చేయండి. ప్రతి చుక్క దగ్గరా గొంతుకు కూర్చుని చూడండి. మా చిన్నమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు నేను వారం రోజులు నడిచి చూసి, దారి బాగుందని తేల్చుకున్నాను. ఒకరోజు వంతెన దగ్గర దాని చెప్పు పట్టీ పెట్టడానికి కూర్చున్నాను. తలెత్తితే రోడ్డు లేదు. ఎదురుగా కొబ్బరికాయల రాశి, వలిచిన డొక్కల కుప్ప. అంతే. నిలబడితే వంతెన అవతల వంద గజాల దాకా కనిపించే నాకు, దాని ఎత్తులో ఏమీ కనపడలేదు. రాశి వెనక నుంచి ట్రాక్టరు ముందు చక్రం వచ్చేదాకా శబ్దం ఎటునుంచో కూడా అర్థం కాలేదు. వారం రోజులుగా అక్కడ "చూసి దాటు" అని చెబుతున్నాను దానికి.

2. ఒక్కో గండానికీ ఒక్కో మాట

పొడుగు ఉపన్యాసం పిల్లల బుర్రలో నిలవదు. ఒక్కో చోటుకు ఒక్క చిన్న పని పెట్టండి.

వంతెన దగ్గర: ఆగు, చెవి పెట్టు, తర్వాతే అడుగు.
పెద్ద రోడ్డు దగ్గర: పెద్దవాళ్లు లేకుండా దాటొద్దు. తొమ్మిది పదేళ్ల లోపు పిల్లలకు వచ్చే బండి వేగం, దూరం సరిగ్గా అంచనా వేయడం రాదు. తెలివైన పిల్లలకైనా రాదు. 16, 216 నంబర్ల జాతీయ రహదారులు దాటాల్సి ఉంటే అక్కడ రోజూ ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే.
గట్టు మీద: నడిచేటప్పుడు కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనిపించేలా. కుడి పక్కన కాలువ ఉంటే మాత్రం ఎడమకు, చేను వైపుకి మారాలి, ఒకరి వెనక ఒకరు నడవాలి.
కుక్క దగ్గర: పరిగెత్తొద్దు, కదలకుండా నిలబడు. కరిస్తే గానీ గీరితే గానీ ఇంట్లో దాచొద్దని ముందే చెప్పండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆరోజే టీకాకి తీసుకెళ్లాలి.

కాలువ దగ్గర మా ఇంట్లో ఒకటే చట్టం: కాలువలో పడ్డది కాలువదే. చెప్పు పడినా, బంతి పడినా, కొత్త టిఫిన్ బాక్సు పడినా దిగకూడదు. ఇంటికొస్తే తిట్టబోమని మీరు మాటివ్వాలి, మాట మీద నిలబడాలి. పిల్లలు చెప్పు కోసం దిగేది చెప్పు మీద ప్రేమతో కాదు, అమ్మ తిడుతుందన్న భయంతో. స్నేహితుడే పడిపోతే దూకొద్దు, గట్టిగా కేకలేయాలి, కర్రో చున్నీయో అందించాలి, పెద్దవాళ్లను పిలవాలి. లాకుల దగ్గర, తూముల దగ్గర నీళ్లు పైకి నిదానంగా కనిపించినా అడుగున లాగుతాయి.

జూన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. పిల్లలు ఎండిన కాలువలో దిగి క్రికెట్ ఆడతారు. రెండు నెలలు అది వాళ్లకు ఆటస్థలం. జూన్‌లో నీళ్లు వదులుతారు, అదే రోజుల్లో బడులు తెరుస్తారు. పిల్లల కాళ్లకు మాత్రం ఇంకా మే నెల కాలువే గుర్తుంటుంది. నీళ్లు వదిలిన రోజున చేయి పట్టుకుని తీసుకెళ్లి, మొన్న వికెట్లు పాతిన చోటు మీద ఎంత నీరు పారుతోందో కర్రతో చూపించండి. ఈత నేర్పించండి, కానీ ఈత వచ్చని కాలువను తేలిక చేయకండి.

3. రెండు వారాలు కలిసి నడవండి

మొదటి వారం పిల్ల మీ పక్కనే. రెండో వారం పిల్ల ముందు, మీరు వెనక. రెండో వారంలో మీరు నోరు మెదపకూడదు. గండం దగ్గర ఏం చేస్తుందో చూడటమే మీ పని. మరిచిపోతే ఆపండి, వెనక్కి తీసుకొచ్చి మళ్లీ చేయించండి. కేకలొద్దు.

సెల్‌ఫోను జేబులోనే ఉంచండి. ఈ రెండు వారాల్లో పిల్లలు ఇంట్లో చెప్పని కబుర్లు చెబుతారు. ఎదురుగా కూర్చోబెట్టి "ఈరోజు బడిలో ఏం జరిగింది?" అంటే "ఏం లేదు" అంటారు. పక్కన నడుస్తుంటే వాటంతటవే వస్తాయి.

4. జట్టు కట్టండి

ఒక్క పిల్లను పంపడం కష్టం, అయిదుగురిని పంపడం తేలిక. మీ వీధిలో అదే బడికి వెళ్లే ఇళ్లకు వెళ్లి అడగండి. ముగ్గురు తల్లులు ఒప్పుకుంటే చాలు, వారానికి రెండు రోజుల చొప్పున వంతులేసుకోవచ్చు. తాతగార్లను అడగండి. ఉదయం అరుగు మీద పేపరు చదివే తాతగారు పెద్ద రోడ్డు దాకా వచ్చి దాటిస్తారు, ఆయనకూ నడక అవుతుంది. ఐదో తరగతి పిల్ల ముందు, మరో పెద్ద పిల్లాడు వెనక, చిన్నవాళ్లు మధ్యలో. పెద్దపిల్లల మీద బాధ్యత పెట్టండి గానీ చిన్నవాళ్లకు ఏమైనా అయితే నీదే తప్పు అనే బరువు మాత్రం పెట్టకండి.

బడి నాలుగైదు కిలోమీటర్లుంటే? ఆటోలోనే పంపి, బడికి కిలోమీటరు ముందు దించమనండి. గండాలన్నీ మీ ఇంటి వైపే ఉంటే ఇది ఇంకా మంచిది.

5. కొద్దికొద్దిగా వెనక్కి తగ్గండి

మూడో వారం యాభై అడుగుల వెనక. నాలుగో వారం ఆఖరి గండం దాకా వెళ్లి ఆగిపోండి. అయిదో వారం మధ్యలో తెలిసిన కొట్టు దగ్గర. ఆరో వారం ఇంటి గుమ్మం. బడి చేరాక ఎవరో ఒకరు మీకు తెలియజేసే ఏర్పాటు ఉండాలి. ఆలస్యమైతే ఎన్ని నిమిషాలు చూసి బయల్దేరాలో ముందే అనుకోండి. నేను పదిహేను నిమిషాలు పెట్టుకున్నాను.

6. సైకిల్: సరైన సైజు

"పెరుగుతాడు కదా" అని పెద్ద సైకిల్ కొనడం మన ఊళ్లలో అందరూ చేసే తప్పు. మనం అడ్డతొక్కుడుతో నేర్చుకున్నాం, నిజమే. అప్పట్లో గట్టు మీద ఇన్ని బళ్లు లేవు. వయసు కాదు, ఎత్తు కొలిచి కొనండి. 105 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తుకు 16 అంగుళాల చక్రం, 115 నుంచి 135కి 20 అంగుళాలు, 130 నుంచి 150కి 24 అంగుళాలు సుమారుగా సరిపోతాయి. కొట్టులోనే ఎక్కించి చూడండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగం నేలకు ఆనాలి. బ్రేకు పిడి వేళ్లకు అందాలి. అందడమే కాదు, నొక్కగలగాలి. పాత సైకిలైనా పర్వాలేదు, బ్రేకులు కొత్తవి వేయించండి.

7. నేర్పడం: పెడళ్లు ఊడదీయండి

సైడ్ చక్రాలు వద్దు. అవి తొక్కడం నేర్పుతాయి గానీ నిలదొక్కుకోవడం నేర్పవు. పెడళ్లు రెండూ విప్పేయండి. మామూలుగా 15 నంబరు పానా పడుతుంది. కుడి పెడల్ మామూలు మరే. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలంగా తిప్పి మర పాడుచేసుకున్నవాళ్లు చాలామంది.

సీటు బాగా దించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ వెళ్లమనండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఖాళీ అయిన కళ్లం, బడి మైదానం దీనికి మంచి చోట్లు. గట్టు మీద ఎట్టి పరిస్థితిలోనూ నేర్పొద్దు. పది గజాలు రెండు కాళ్లూ ఎత్తి వెళ్లగలిగితే పెడళ్లు బిగించండి. కొందరికి రెండు సాయంత్రాలు, కొందరికి రెండు వారాలు పడుతుంది. వెనక సీటు పట్టుకుని పరిగెత్తొద్దు, మీకు నడుం నొప్పి, వాళ్లకు మీ చెయ్యే అలవాటు. పట్టుకోక తప్పకపోతే భుజం పట్టుకోండి.

బ్రేకు నేర్పకుండా వేగం నేర్పొద్దు. రెండు బ్రేకులూ కలిపి నిదానంగా. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే హ్యాండిల్ మీంచి ఎగిరి పడతారు.

8. సైకిల్ మీద దారి

సైకిల్ వచ్చినంత మాత్రాన రోడ్డు వచ్చినట్టు కాదు. నడకలో పెట్టిన చుక్కలే ఇక్కడా గండాలు. ప్రతి గండం దగ్గరా దిగి నడిపించుకుంటూ దాటాలి. సైకిల్ ఎప్పుడూ ఎడమ పక్కనే. ఎడమన కాలువ ఉన్న గట్టు ముక్కలో చిన్నపిల్లలు దిగి నడిపించుకోవడమే మంచిది. చున్నీ పిన్ను పెట్టి బిగించాలి. వెనక క్యారేజీ మీద తమ్ముణ్ణి ఎక్కించుకోవడం వద్దు, వేలాడే చిన్న కాలు స్పోకుల్లో ఇరుక్కుంటుంది. గొడుగు పట్టుకుని తొక్కడం అసలే వద్దు.

ఒంటరిగా పంపేముందు మూడు పరీక్షలు పెట్టండి. ఒంటి చేత్తో పది గజాలు తిన్నగా తొక్కాలి. హ్యాండిల్ వంగకుండా వెనక్కి తిరిగి మీరు ఎత్తిన వేళ్లెన్నో చెప్పాలి. మీరు "ఆగు" అనగానే రెండు మూడు గజాల్లో ఆగి కాలు కింద పెట్టాలి. మూడూ వరసగా మూడు రోజులు చేస్తే చాలు.

ఉదయం బయల్దేరేముందు అర నిమిషం పని: టైరు బొటనవేలితో నొక్కు, రెండు బ్రేకులూ పట్టి తొయ్యి, గొలుసు చూడు. పిల్ల చేతే చేయించండి.

కాలాన్ని బట్టి

సార్వా (తొలి పంట), దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద సైకిల్ చక్రం జారుతుంది, కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు మసక వెలుతురులో కనపడవు. దిగి నడవాలి. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లు తారు మీద జారుడుగా ఉంటాయి, మలుపుల్లో మరీ. మంచు కురిసే రోజుల్లో లేతరంగు బట్ట పైన వేయండి, పది నిమిషాలు ఆలస్యమైనా పర్లేదు. తుఫాను హెచ్చరిక ఉన్నరోజు, గట్టు మీద నీళ్లెక్కిన రోజు పంపొద్దు. భోగి నుంచి ముక్కనుమ దాకా గట్లన్నీ బయటి ఊళ్ల కార్లే, సైకిల్ సరదాలు వీధిలోనే. ఒంటిపూట బడులప్పుడు ఉదయం నడిచి వెళ్లినా, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి రానివ్వొద్దు. ఎవరైనా వెళ్లి తెచ్చుకోవాలి. ఇంటికి రాగానే మజ్జిగ గానీ కొబ్బరినీళ్లు గానీ.

ఎక్కువమంది చేసే తప్పులు

ఆలస్యంగా లేపి "పరిగెత్తు" అనడం మొదటిది. పరిగెత్తే పిల్ల ఏ గండం దగ్గరా ఆగదు. నడకకు పావుగంట అదనంగా ఉంటేనే మొదలుపెట్టండి.

ఏడో తరగతి దాటగానే ఆడపిల్లల సైకిల్ మాన్పించడం నన్ను బాగా బాధపెడుతుంది. ఆకతాయిల భయం నిజమే, కాదనను. కానీ శిక్ష పడేది పిల్లకు. జట్టుగా పంపండి, దారిలో ఏం జరిగినా వచ్చి చెబితే సైకిల్ పీకేయబోమని ముందే మాటివ్వండి. ఆ భయంతోనే చాలామంది చెప్పరు. అవసరమైతే 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల కోసమే ఉన్న నంబరు. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగింది. సైకిల్ తీసేస్తే ఏం పోతుందో దాన్నిబట్టి ఆలోచించండి.

మగపిల్లల విషయంలో తప్పు ఇంకో రకం, ఎనిమిదో తరగతికే స్కూటీ తాళాలివ్వడం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు.

ఫలితం ఎలా తెలుస్తుంది

మార్కులు చూడకండి. నెల తర్వాత వీటిని చూడండి. రాత్రి పడుకున్నాక ఎంతసేపటికి నిద్రపోతోంది? సాయంత్రం రాగానే అన్నం అడుగుతోందా? దారి కబుర్లు చెబుతోందా? గేదె ఈనిందనీ, లాకులు ఎత్తారనీ, ఫలానా ఇంట్లో కుక్కపిల్లలు పుట్టాయనీ చెబుతుంటే దారి దాని సొంతమైనట్టే. నడకలో వేగం సరిపోతోందో లేదో చూడాలంటే మాట్లాడించండి. మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి.

కాగితమిచ్చి బడి దారి గీయమనండి. నేను నమ్మే పరీక్ష ఇదే. ఆటోలో వెళ్లే పిల్లలు తరచు ఇల్లు, బడి గీసి మధ్యలో ఒక గీత గీస్తారు. నడిచే పిల్లల గీతలో చెట్టుంటుంది, రేవుంటుంది, గండాలుంటాయి. మీరు పెట్టిన చుక్కలన్నీ ఆ బొమ్మలో ఉన్నాయా చూడండి. ఏది లేదో అక్కడ మళ్లీ నేర్పాలి.

నడుస్తుంటే పిల్లికూతలు, దగ్గు వస్తున్నా, కుంటుతున్నా డాక్టరుకు చూపించండి. ఉబ్బసం ఉన్నంత మాత్రాన నడక మానక్కర్లేదు, ఇన్‌హేలర్ బ్యాగులో ఉండాలి, అది ఎక్కడుందో జట్టులో పెద్దపిల్లకు తెలియాలి. బాగా నడిచే పిల్ల హఠాత్తుగా వెళ్లనంటే బద్ధకమని కొట్టిపారేయకండి, దారిలో ఏదో జరిగింది. ఆరోజు సాయంత్రం మీరే ఎదురెళ్లి కలిసి నడిచి రండి.

నెలకోసారి చెప్పకుండా వెళ్లి వంతెన అవతల నిలబడి చూడండి. ఆగి, చెవి పెట్టి, తర్వాత దాటితే చేయి ఊపి వచ్చేయండి. ఆగకుండా దాటితే ఆరోజు ఏమీ అనొద్దు. మర్నాడు పొద్దున చెప్పులేసుకుని తనతోపాటే బయల్దేరండి, మూడో మెట్టు నుంచి మళ్లీ ఒక వారం.